కట్టకొక మెసేజ్

మనుమరాలి ఫోన్‌లోని మెసేజ్‌లు చూసే పని నా కొడుకు నాకు అప్పగించాడు. నాకు వచ్చిన చదువు మూడో తరగతిలో సగం. ఉట్నూర్ అవతల మా పుట్టింటి ఊళ్లో తునికాకు కోతకు చేతులు కావలసి వచ్చి, మా బాపు నన్ను బడి మధ్యలోంచే తీసుకుపోయాడు. మిగిలిన సగం ఇప్పటికీ బాకీయే. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను, నిదానంగా రాస్తాను, అంకెలు బాగా తెలుసు. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ఒక్కటీ తెలియదు. ఈ సంగతి నా కొడుక్కి తెలుసు. తెలిసే అప్పగించాడు.

వాడు మస్కట్‌లో ఉంటాడు. శుక్రవారం వాడికి సెలవు కాబట్టి ఆ రోజు పొద్దున కోడలి ఫోన్‌కు చేస్తాడు. తెర మీద వాడి మొఖం కనబడుతుంది, వెనక ఒకదాని మీద ఒకటిగా మంచాలు కనబడతాయి.

"అవ్వా, పిల్లకు ఫోన్ కొనిచ్చిన గని నాకు మనసు నిమ్మలం లేదు. పోరగాండ్ల సంగతులు ఇక్కడిదాక ఇనబడుతున్నయ్. రోజూ దాని మెసేజ్‌లు జర చూడు."

"నీ పెండ్లం లేదారా? పదో తరగతి పాసైంది. అంగన్వాడీల పిల్లలకు చదువు చెప్తది."

"దాని సంగతి నీకెరికే గదా. పిల్ల కండ్లల్ల నీళ్లు కనబడితే చాలు, కరిగిపోతది. నువ్వైతే కరుగవు."

అది మెచ్చుకోలో దెప్పిపొడుపో తేల్చుకునేలోగా వాడు అసలు మాట చెప్పాడు. పిల్ల ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది. అది అయ్యాక కరీంనగర్‌లో హాస్టల్‌లో ఉండి నర్సింగ్ చదువుతానని సంవత్సరం నుంచి ఒకటే పాట.

"పరీక్షలయ్యేదాక నువ్వు చూడు. పిల్ల మంచిగున్నదని నువ్వంటే పంపిస్త. ఒక్క తప్పుడు మెసేజ్ దొరికినా, ఒక్క అబద్ధం దొరికినా ఇంట్లనే కూసుంటది. ఆఖరి మాట నీదే."

తలుపు వెనక గాజుల చప్పుడు అయింది. పిల్ల విన్నదన్నమాట. మంచిదే, మళ్లీ చెప్పే పని తప్పింది.

ఫోన్ పెట్టేసే ముందు వాడు ఇంకో మాట అడిగాడు. "అవ్వా, బీడీల చాట ముడుతలేవు గదా?"

"నా చాట అటక మీదున్నది, బిడ్డా," అన్నాను.

నిజమే చెప్పాను. కరీంనగర్ డాక్టరు నా రొమ్ము మీద గొట్టం పెట్టి చూసి, ఇక తంబాకు దుమ్ము తగలకూడదని చెప్పినప్పటి నుంచి నా చాట అటక మీదే ఉంది. అయితే నలభై ఏళ్లు బీడీలు చుట్టిన చేతులు ఒళ్లో ఖాళీగా పడుంటే నాకు అన్నం వృథా చేసినట్టే ఉంటుంది. అందుకని మధ్యాహ్నం పక్కింటికి మాట్లాడటానికి పోతాను. పక్కింటి ముస్లిం చెల్లెకు బీడీల పనే బతుకు. ఆమె చాటలోంచి నేను నాలుగు కట్టలు చుడతాను, అంతసేపు ఆమె మా ఇంటి చింతపండు కొట్టి గింజ తీసిపెడుతుంది. చేతికి చేయి. ఇది నా కొడుక్కి చెప్పవలసిన విషయంగా నాకు ఎప్పుడూ తోచలేదు.

మొదటి రోజు సాయంత్రం చాయ్ తాగాక పిల్లను ఎదురుగా కూర్చోబెట్టాను.

"రోజుకు ఎన్ని మెసేజ్‌లొస్తయే?"

"అన్నీ కలిపితే రెండు వందలుంటయేమో, బాపమ్మా."

రెండు వందలు! మా ఊరికి పోస్టుమన్ వచ్చిన రోజుల్లో ఊరంతటికీ కలిపి ఏడాదికి అన్ని ఉత్తరాలు రాలేదు. అవన్నీ చదివించుకుంటూ కూర్చుంటే ఇంట్లో పొయ్యి వెలగదు. పైగా చదవవలసింది ఆ పిల్లే. దొంగనే పోలీసుగా పెట్టుకున్నట్టు. ఏం చేయాలా అని ఆలోచిస్తే కార్ఖానా గుర్తుకు వచ్చింది.

బీడీలు ఇరవై అయిదయితే ఒక కట్ట. వెయ్యి బీడీలంటే నలభై కట్టలు. కార్ఖానాలో మన పని చూసేవాడు నలభై కట్టలూ విప్పడు. వాడికి నచ్చిన కట్టలోంచి వాడికి నచ్చిన బీడీ లాగి, రెండు వేళ్ల మధ్య తిప్పి చూస్తాడు. బాగుంటే సరి. బాగాలేకపోతే ఇక మన పని పట్టినట్టే, మొత్తం ఏరి పక్కన పడేస్తాడు. దాన్ని ఛాటన్ అంటాం. వాడు ఏది లాగుతాడో మనకు తెలియదు కాబట్టి ప్రతి బీడీనీ భయంతో చుడతాం. తెలివంతా అక్కడే ఉంది.

"రెండు వందలంటే ఎనిమిది కట్టలు," అన్నాను. "కట్టకొకటి. నేను కండ్లు మూసుకొని వేలు పెడ్త. వేలు ఎక్కడ ఆగితే గది చదువాలె."

"బాపమ్మా, నేను బీడీనా?"

"బీడీవైతే గింత నోరుండకపోవు. తియ్యి ఫోను."

చదివింది నిజమో కాదో తెలిసేదెట్లా? దానికీ ఉపాయం చేశాను. ప్రతి మెసేజ్ పక్కన చిన్న అంకెల్లో సమయం ఉంటుంది, అంకెలు నాకు వచ్చు కదా. పాత క్యాలెండర్ కాగితాల వెనక వైపు ఆ సమయం వేసి, పిల్ల చదివిన మాటను నేనే తెలుగులో రాసుకునేదాన్ని. మర్నాడు ఏదో ఒక సమయం చెప్పి, "గిది మల్ల చదువు," అనేదాన్ని. నిజమైతే రెండు రోజులూ ఒకే మాట వస్తుంది. కల్పిస్తే నిన్నటి కల్పన ఇవాళ గుర్తుండదు. అబద్ధానికి జ్ఞాపకం తక్కువ.

మొదటి వారంలో దొరికిన సరుకు చూసి నాకు దిమ్మ తిరిగింది.

"గిదేంది?"

"హ్మ్."

"హ్మ్ ఏంది? చదువు."

"గదే బాపమ్మా. హ్మ్ అని ఉంది. మనం ఊఁ అంటం గదా, గట్ల."

"ఊఁ అనేటందుకు ఫోనెందుకే? ఇంట్ల కూసోని అనుకోరాదా?"

ఇంకోరోజు వేలు పెడితే పసుపుపచ్చ మొఖాలు వరుసగా ఉన్నాయి, కళ్ల నీళ్లు కారేలా నవ్వుతూ. లెక్కపెట్టాను. పంతొమ్మిది.

"ఒక్క నవ్వు సాలదా? పంతొమ్మిది ఎందుకు పెట్టింది నీ దోస్తు?"

"ఎక్కువ నవ్వచ్చిందట."

"గంత నవ్వచ్చే ముచ్చటేంది?"

పిల్ల తల దించుకుంది. "నువ్వు కట్టకొక మెసేజ్ చూస్తవని చెప్పిన, గందుకే."

పక్క వీధిలో ఉండే స్నేహితురాలు రోజూ పొద్దున పువ్వు బొమ్మతో శుభోదయం పంపుతుంది. అంత ప్రేమ ఉంటే నాలుగు అడుగులు వేసి వచ్చి నిజం పువ్వే ఇవ్వవచ్చు, మా ఇంటి ముందర బంతిచెట్టు ఉండనే ఉంది. ఇట్లాంటివే తప్ప నెలన్నర గడిచినా తప్పుడు మాట ఒక్కటీ నా వేలికి తగలలేదు. శుక్రవారం శుక్రవారం "మంచిగున్నది" అని కొడుక్కి చెబుతూ వచ్చాను. పిల్ల మీద నమ్మకం కుదిరిందని చెప్పను కానీ, నా పద్ధతి మీద మాత్రం బాగా కుదిరింది.

పరీక్షలకు ఇంకా ఇరవై రోజులు ఉన్నాయనగా పులి వచ్చింది.

మెసేజ్ పంపేవాళ్ల పేరు పక్కన గుండ్రంగా చిన్న బొమ్మ ఉంటుంది. ఆడపిల్లలు పువ్వులో, తమ మొఖాలో పెట్టుకుంటారు. ఆ రోజు నా వేలు ఆగిన చోట పులి తల, నోరు తెరిచి. సమయం 6.10. పిల్ల ఒక్క క్షణం తడబడి, "రేపు కెమిస్ట్రీ రికార్డు తేవాలట," అని చదివింది. రాసుకున్నాను. మర్నాడు ఊరికే ఉండలేక అదే సమయం అడిగాను.

"రేపు కాలేజ్ ఉంటదా అని అడిగింది, బాపమ్మా."

క్యాలెండర్ కాగితం తీసి దాని ముందర పెట్టాను. నా అక్షరాలు వంకరగా ఉంటాయి కానీ అబద్ధం ఆడవు. పిల్ల మొఖం పాలిపోయింది.

"ఎవడే గీ పులి?"

"ఎవరు లేరు, బాపమ్మా."

"లేనోడు మెసేజ్ ఎట్ల పంపిండు? ఆడా, మొగా?"

పిల్ల చున్నీ అంచు వేలికి చుట్టుకుంది.

"కరీంనగర్ పోవుడు ఇష్టం లేదా నీకు?"

అప్పుడు ఏడ్చింది. "ఉన్నది బాపమ్మా. గని గిది నేను చెప్పొద్దు. మాటిచ్చిన."

మాటిచ్చిందట. పులికి. ఆ రోజు గురువారం, మర్నాడు నా కొడుకు ఫోన్ చేస్తాడు. నెలన్నరగా మంచిగున్నది, మంచిగున్నది అన్న నోటితో రేపు ఏమనాలి? పిల్ల చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను. అది ఆరిపోతే మళ్లీ తెరవడం నాకు రాదు కాబట్టి తెర మీద బొటనవేలు ఆడిస్తూ పక్కింటికి పోయాను.

"చెల్లె, గిది జర చదువు."

ఆమె చాటలోంచి చెయ్యి తీయకుండానే తొంగి చూసింది. "అక్కా, నాకు ఉర్దూల అలీఫ్, బే తప్ప ఏం రాదు. గిది అంగ్రేజీ."

"అక్షరాలు అంగ్రేజీయే, మాట మనదేనట."

"అయితే మొఖానికి బురఖా ఏసినట్టన్నమాట. ఎవరో నాకేం ఎరుక?" అని పులి బొమ్మ చూసి నవ్వింది. "ఫికర్ ఎందుకు? పులి బొమ్మ పెట్టుకున్నోడు ఎప్పుడూ పిల్లి లెక్కనే ఉంటడు. నిజం పులికి బొమ్మెందుకు?"

"నవ్వకు. పిల్ల చదువు పోతది."

"పరేషాన్ గాకు, కూసో. రెండు కట్టలు చుట్టు, మనసు నిమ్మలమైతది."

కూర్చున్నాను. చేతులు వాటంతట అవే ఆకు అందుకున్నాయి, తంబాకు పోశాయి, దారం చుట్టాయి. మనసు నిమ్మళించలేదు కానీ రెండు కట్టలు తయారయ్యాయి. బొటనవేలికి రెండు పనులు కుదరవు కదా, ఫోన్ ఎప్పుడో ఆరిపోయింది.

సాయంత్రం కోడలు అంగన్వాడీ నుంచి రాగానే చెప్పులైనా విడవనీయకుండా ఫోన్ ఆమె చేతికి ఇచ్చాను. పిల్ల గదిలో దుప్పటి కప్పుకుని పడుకుంది. కోడలు ఫోన్ తెరిచి పులిని నొక్కింది, పైపైన చదివింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏడుస్తున్నవా, నవ్వుతున్నవా?"

"అత్తమ్మా, గీ పులి మీ కొడుకే."

"నా కొడుకా? వాని మొఖం నాకెరుక లేదా?"

"మనతోని మాట్లాడేటప్పుడు మొఖం వస్తది. గిది మెసేజ్‌ల కాడ పెట్టుకునే బొమ్మ. రూముల ఉండే పోరలు పెట్టిండ్రట. తీసుడు ఆయనకు రాదు."

యాభై ఏళ్లకు దగ్గర పడిన మనిషి, పులి!

"సరే, చదువు. ఏమున్నదో చదువు."

కోడలు కిందికి చూసింది. "చదువుమంటరా?"

చదివింది. ఆరు గంటల పది నిమిషాల మెసేజ్ ఇది: "బాపమ్మ ఇయ్యాల పక్కింటికి పోయిందా?" దానికి పిల్ల జవాబు: "పోయింది బాపు. ఊకె మాట్లాడ పోయింది." మళ్లీ పులి: "బీడీలు ముట్టిందా?" పిల్ల: "ముట్టలే. ఇప్పుడు టీవీల భజన చూస్తుంది."

"భజన నేనెప్పుడు చూసిన?"

"ఇంకా ఉన్నయ్, అత్తమ్మా."

రెండు నెలల మెసేజ్‌లు ఉన్నాయి. బాపమ్మ పొద్దున వాకింగ్ చేసింది. బాపమ్మ రెండు అరటిపండ్లు తిన్నది. బాపమ్మ మధ్యాహ్నం గంటన్నర పడుకుంది. బాపమ్మ ఈ రోజు ఎవరినీ తిట్టలేదు. ఆ మెసేజ్‌లలో ఉన్న ముసలమ్మను చూస్తే నాకే కుళ్లు పుట్టింది. ఎంత సుఖంగా బతుకుతోంది! అన్నింటిలోకీ ఒక్కటే నిజం. "దగ్గు ఎట్లున్నది?" అని వాడు అడిగితే, "జర ఉన్నది బాపు, పొద్దుగాల వేడి నీళ్లిస్తున్న," అని రాసింది. ఇస్తోంది. నేను అడగకుండానే ఇస్తోంది, నేను కట్టెలు దండుగ అని తిడుతుంటే కూడా.

అంటే నా కొడుకు పిల్ల మీద నన్ను పెట్టాడు, నా మీద పిల్లను పెట్టాడు. కార్ఖానా సేటు కూడా ఇట్లాగే చేసేవాడు, ఛాటన్ చేసేవాడి మీద ఇంకొకడిని పెట్టేవాడు. కానీ సేటును నేను కనలేదు, వీణ్ని కన్నాను.

గదిలోకి పోయి దుప్పటి లాగాను.

"ఎందుకాడినవే అబద్ధం, మీ బాపుతోని?"

"నిజం చెప్తే నిన్ను నిర్మల్‌ల ఉన్న మేనత్త ఇంటికి పంపిస్తడట. అక్కడ నిన్ను పుల్ల ముట్టనియ్యరు."

"పంపితే నీకే మంచిగుండు. నీ మెసేజ్‌లు చూసేటోళ్లుండకపోదురు."

పిల్ల ముక్కు చీదుకుంది. "నువ్వు పోతే అమ్మ చూస్తది. అమ్మకు ఇంగ్లీషు అక్షరాలొచ్చు."

నవ్వాలో కొట్టాలో తెలియలేదు. నవ్వడం నాకు అలవాటు లేదు, కొట్టడానికి చెయ్యి రాలేదు. "లేసి అన్నం తిను," అని చెప్పి వచ్చాను.

శుక్రవారం పొద్దున కోడలు పొయ్యి దగ్గరే నన్ను పట్టుకుంది.

"అత్తమ్మా, అంతా మంచిగనే ఉన్నదని చెప్పుండ్రి. మీ ముచ్చట బయట పడది, దాని చదువు ఆగది."

"అబద్ధమా?"

"అబద్ధమెందుకైతది? చెప్పకపోవుడు."

చెప్పకపోవడంలో నాకు మంచి అనుభవమే ఉంది, అటక మీద చాట సంగతి ఉండనే ఉంది. కానీ ఇది వేరు. ఇవాళ దాచితే పిల్ల కరీంనగర్ పోతుంది, హాస్టల్‌లో చేరుతుంది. ఎప్పుడో నా దగ్గు ముదిరి సంగతి బయటపడుతుంది. అప్పుడు వాడు పిల్లను చదువు మధ్యలోంచి తీసుకొస్తాడు. మొదలే పంపకపోవడం కన్నా మధ్యలో తీసుకురావడం అన్యాయం. అది ఎట్లా ఉంటుందో మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

ఫోన్ మోగింది. పిల్ల తలుపు దగ్గర నిలబడి, కడిగిన గిన్నెలే మళ్లీ తుడుస్తోంది.

"అవ్వా, ఏమన్న తప్పు దొరికిందా?"

"దొరికింది."

గిన్నె కింద పడింది.

"ఏందది?"

"పిల్ల అబద్ధమాడింది."

"ఎవరితోని?"

"నీతోని. నేను భజన చూస్తలేను, అరటిపండ్లు తింటలేను. రోజూ పక్కింట్ల నాలుగు కట్టలు చుడుతున్న. నన్ను నిర్మల్ తోలుతవని పిల్ల దాచిపెట్టింది. నెలన్నర చూసిన, దాని ఫోన్ల తప్పు ముచ్చట ఒక్కటి లేదు. ఉన్న అబద్ధాలన్నీ నా మీదనే ఉన్నయ్."

వాడు మొదలుపెట్టాడు. డాక్టరు ఏం చెప్పిండు, నువ్వేం చేస్తున్నవ్, నీ రొమ్ము ఇనుముదా, ఈ వయసుల నీకేం తక్కువ చేసిన అని. వాళ్ల బాపు కూడా బతికున్నన్నాళ్లూ నన్ను ఒక్క మాట అనలేదు. నేను పెంచిన కొడుకు మస్కట్‌లో మంచం మీద కూర్చుని నన్ను తిడుతుంటే, వెనక మంచం మీదివాళ్లు కూడా వింటున్నారు. ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు. మధ్యలో దగ్గు వచ్చింది. ఆపుకున్నాను, ఆపుకున్నది వాడికి కనబడింది, ఇంకా తిట్టాడు.

వాడికి గొంతు ఎండాక అడిగాను. "మరి పిల్ల సంగతి?"

"ఏ సంగతి?"

"కరీంనగర్ సంగతి."

"నాతోని అబద్ధమాడింది గదా, అవ్వా. నేను మాటన్న."

"నాతోని నువ్వేమన్నవ్? ఆఖరి మాట నాది అన్నవ్. పంపియ్యాలె, గిదే నా మాట."

వాడు గడ్డం గోక్కున్నాడు. చిన్నప్పుడు పలక పగలగొట్టినప్పుడు కూడా అట్లాగే గోక్కునేవాడు, అప్పుడు గడ్డం లేదు.

"అయితే నువ్వు ఇయ్యాల్టి నుంచి తంబాకు ముట్టొద్దు. నువ్వు ఇడిస్తే పిల్ల పోతది."

"ఇయ్యాల్టి నుంచి ఎట్లైతది? ఈ వారానికి పక్కింటామెకు ఇరవై కట్టలు ఒప్పుకున్న. పన్నెండే అయినయ్."

"అవ్వా!"

"మాట మాటే గదరా. నీది మాట, నాది కాదా?"

"పక్కింటామెకు నేను చెప్త."

"నాలుగు కట్టలన్న చుట్టనియ్యి."

"ఒక్క బీడీ గూడ వద్దు."

బజారులో బేరం కుదరక నేను వెనక్కి తిరిగి పోతే, పిలవని కూరగాయలవాడు లేడు. వీడు పిలవలేదు. తల ఊపాను. తలుపు దగ్గర పిల్ల కింద పడ్డ గిన్నె తీసి నాలుగోసారి తుడుస్తోంది.

పక్కింటి చెల్లె సంగతి విని చాట పక్కకు నెట్టి చాలాసేపు నా చేతులు పట్టుకుంది. ఆ తరవాత, "చింతపండు నేనే కొడ్త అక్కా, ఊకె కూసో," అంది. ఊకె కూసోవడం ఎట్లాగో నాకు ఎవరూ నేర్పలేదు. గడపకు ఇవతల, తంబాకు దుమ్ము రాని చోట కూర్చుని ఆమె ఆకు కత్తిరింపుకు వంకలు పెడుతుంటాను. దానికి నా కొడుకు ఒప్పుకున్నాడు. చెల్లె ఒప్పుకున్నదో లేదో నేను అడగలేదు.

పిల్ల పరీక్షలు రాసింది, పాసైంది, కరీంనగర్‌లో సీటు వచ్చింది. పోయే రోజు బ్యాగు సర్దుకుని, బస్సుకు ఇంకా గంట ఉండగా ఫోన్ తెచ్చి నా ముందర పెట్టింది.

"బాపమ్మా, ఇయ్యాల చూడలేదు నువ్వు. ఏడు కట్టలున్నయ్."

తెర వెలుగుతోంది. దాని కళ్లు కూడా తడిగా వెలుగుతున్నాయి. ఆఖరిసారి కదా అని వేలు పెట్టబోయి, వెనక్కి తీసుకున్నాను.

"బంద్ చెయ్యి. చార్జింగు దండుగ," అన్నాను. "బస్సుల కూసున్నంక అవసరం పడతది."